తలకిందుల చెట్టు

పిల్లలూ! ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఎక్కడున్నదని ఎవరైనా అడిగితే ఏమని చెబుతారు? ఆంధ్రప్రదేశ్, కర్నూలు జిల్లా, ఓర్వకల్లు అని వరసగా చెబుతారు గదా! కంప్యూటరు కూడా అలాగే రాస్తుంది: /ఆంధ్రప్రదేశ్/కర్నూలు/ఓర్వకల్లు/రాక్ గార్డెన్. దీనిని "దారి" అందాం. ఒక్కొక్క పేరూ ఒక ఫోల్డరు, అంటే పెట్టె. పెట్టెలో చిన్న పెట్టెలూ, ఫైళ్లూ ఉంటాయి. మొదటి గీత ఈ చెట్టుకు వేరు. వేరు పైన, కొమ్మలు కింద! 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ ఇలాంటి చెట్టునే వాడింది.

ఈ చెట్టును తెరమీద గీసే ప్రోగ్రాముకు ముఖ్యమైన నియమం ఒక్కటే: "పెట్టెలో ఉన్నవాటి పేర్లు రాయి. వాటిలో మరో పెట్టె ఉంటే, కాస్త కుడికి జరిగి, దానికీ ఇదే పని చెయ్యి." పేరు పక్కన + గుర్తు పెట్టి, దాన్ని నొక్కినప్పుడే పెట్టె తెరిస్తే పని త్వరగా అవుతుంది.

ఇక లింకు సంగతి. లింకు పెట్టె కాదు, దారి చూపే బోర్డు వంటిది. ఓర్వకల్లు పెట్టెలో "మా జిల్లా" అనే లింకు పెట్టి, అది కర్నూలును చూపేటట్టు చేశామనుకోండి. చెట్టంతా ఒకేసారి గీయబోయే తెలివిలేని ప్రోగ్రాము కర్నూలు నుంచి ఓర్వకల్లుకూ, "మా జిల్లా" గుండా మళ్లీ కర్నూలుకూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది! అందుకని లింకు కనబడితే బాణం గుర్తు వేసి ఊరుకోవాలి. లోపలికి పోక తప్పకపోతే, చూసిన పెట్టెల నంబర్లు చిట్టాలో రాసుకోవాలి. యూనిక్స్‌లో పెట్టెకు దారులు ఎన్ని ఉన్నా నంబరు ఒక్కటే. అదే నంబరు మళ్లీ వస్తే వెనుదిరగాలి.

చెరిపేటప్పుడు మరీ జాగ్రత్త. లింకును చెరిపితే పోయేది బోర్డు మాత్రమే. దాన్ని పెట్టె అనుకుని లోపలివన్నీ చెరిపితే అసలు ఫైళ్లే పోతాయి!

ఇంకొక చిక్కున్నది. ఒక లింకు /ఆంధ్రప్రదేశ్/కర్నూలు/బెలుం గుహలు అని చూపుతున్నదనుకోండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి, బెలుం అందులో చేరింది. గుహలు అంగుళమైనా కదలలేదు, కాని పాత దారి చెల్లదు. పెట్టెను వేరే చోటికి మార్చినా ఇంతే. పాత దారి పట్టుకున్న లింకు తనంతట తాను మారదు. అటువంటి లింకును దాచకుండా వేరే రంగులో చూపేదే మంచి ప్రోగ్రాము.

మీ బడికి ఇలాంటి చెట్టు కాగితంమీద గీయండి. అందులో వెనక్కు తిప్పే లింకు ఒకటి పెట్టి, మీ స్నేహితుణ్ణి వేలితో దారి వెంట నడవమనండి. అతను గానుగెద్దవుతాడో, చిట్టా రాసుకుంటాడో చూడండి!