మాటా మంతీ: పట్టపగలు ఎన్ని గజాల వెడల్పు?

పోయిన వారం ఒక తల్లి నాకు ఉత్తరం వ్రాసింది. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. గోదావరిని గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు వ్రాసుకు రమ్మంటే, రాజమండ్రి దగ్గర నది చాలా ‘బ్రాడ్’గా ఉంటుందని వ్రాశాడట. మేష్టరుగారు ఆ మాట కొట్టేసి, పైన ఎర్రసిరాతో ‘వైడ్’ అని దిద్ది, అర మార్కు తగ్గించారట.

“అర మార్కు పోతే పోయింది మాష్టారూ! ఆనాటి నుంచీ మా వాడు సొంతంగా ఒక్క వాక్యం వ్రాయటం లేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు దింపేస్తున్నాడు. మీరు తెలుగు చెప్పేవారే అయినా, ఎవరిది ఒప్పో కాస్త చెబుదురూ” అని ఆవిడ కోరిక.

తీర్పు ముందే చెప్పేస్తానమ్మా. మీ అబ్బాయిది తప్పు కాదు. నదికైనా వీధికైనా ఆ రెండు మాటలూ చెల్లుతాయి. అయితే మేష్టరుగారి ఎర్రసిరాకూ ఒక కారణం లేకపోలేదు. ఇన్ని అడుగులు, ఇన్ని గజాలు అని లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషువారు సాధారణంగా ‘వైడ్’ అనే అంటారు. ఆ అలవాటునే ఆయన అన్నిచోట్లకూ సూత్రం చేసి ఉంటారు.

ఇంతకూ ఈ రెండు మాటలకూ తేడా ఎక్కడుంది? ‘వైడ్’ చూపు రెండు అంచుల మీద ఉంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత ఎడం ఉన్నదన్నదే దానికి కావాలి. ‘బ్రాడ్’ చూపు ఆ రెండు అంచుల నడుమ పరచుకొని ఉన్న వస్తువు మీద ఉంటుంది. అందుకే తెరిచిన నోరు, తెరిచిన కళ్లు, తెరిచిన తలుపు ‘వైడ్’. భుజాలు, వీపు, అరటాకు ‘బ్రాడ్’. తలుపు ‘వైడ్’గా తెరిచి ఉన్నదంటే మనం వెడల్పుగా తెరిచి ఉన్నదనం, బార్లా తెరిచి ఉన్నదంటాం. పిల్లవాడు ‘వైడ్’ కళ్లతో చూశాడంటే కళ్లింతలు చేసుకొని చూశాడంటాం.

క్రికెట్టు చూసే పిల్లలకు ఇది సులువుగా బోధపడుతుంది. బ్యాటుకు అందనంత ఎడంగా బంతి పోతే అంపైరు రెండు చేతులూ బారచాపి ‘వైడ్’ అంటాడు. అక్కడ బంతి వెడల్పు ఏమీ పెరగలేదు గదా! బంతికీ బ్యాటుకూ మధ్య ఎడం పెరిగింది. గురి తప్పిన మాటను కూడా ఇంగ్లీషువారు గురికి ‘వైడ్’గా పోయిందనే చెబుతారు. నిఘంటువులో మొదటి అర్థం వెడల్పే కావచ్చు. కాని చాలాచోట్ల ‘వైడ్’కు మన ‘ఎడం’ దగ్గరి చుట్టం.

సూత్రం చెప్పాను గదా అని దాన్నే పట్టుకు వేళ్లాడకండి. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మన దేశపు మొదటి ప్రయాణికుల రైలుబండి నడిచింది. ఆ పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. ఎడం కాబట్టి ‘వైడ్ గేజి’ అనాలి. కాని అందరూ ‘బ్రాడ్ గేజి’ అంటారు. మీటరు గేజి పట్టాలను మార్చే పెద్ద పథకం 1992లో మొదలైనప్పుడు కూడా ఆ పేరు మారలేదు. భాషలో వాడుకదే పైచేయి.

పొలం నుంచి వచ్చిన మాట ఒకటుంది. రేడియో ప్రసారాన్ని ‘బ్రాడ్‌కాస్ట్’ అంటారు. రేడియో పుట్టకముందు ఆ మాటకు అర్థం, విత్తనాలను చేతితో పొలమంతా చల్లటం. మన రైతు వెదజల్లటం అనేది సరిగ్గా అదే.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ తల్లి ఉత్తరం నన్ను నిద్రపోనీయకపోవటానికి అసలు కారణం అదే.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, బి.ఏ. తరగతికి అనువాదం చెబుతున్నాను. ‘బ్రాడ్ డేలైట్’లో దొంగతనం జరిగిందని ఒక ఇంగ్లీషు వాక్యం. పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రవాడొకడు లేచి, “విశాలమైన పగటి వెలుతురులో దొంగతనం జరిగింది” అని చదివాడు. నేను ఊరుకోలేకపోయాను. “ఎన్ని గజాలోయ్ నీ పగలు వెడల్పు?” అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. “పట్టపగలు” అని నల్లబల్ల మీద వ్రాసి, గొప్ప పని చేసినట్టు ముందుకు సాగిపోయాను.

ఆ కుర్రవాడు మళ్లీ లేచి నిలబడలేదు. సంవత్సరాంతంలో అతని జవాబు పత్రం దిద్దితే, నా నోట్సులోని వాక్యాలే పొల్లుపోకుండా నాకు తిరిగివచ్చాయి. మార్కులు వేశాను. అతని సొంత వాక్యం మాత్రం ఇక నాకు కనిపించలేదు.

ఆనాడు నేను చెప్పవలసింది వేరే ఉన్నది. ‘పట్టపగలు’ అంటే పగలు పగలు. ఒక మాటను వెంటనే రెండోసారి పలికితే ఆ రెండోదాన్ని ఆమ్రేడితమంటారు. అప్పుడు మొదటి ‘పగలు’లో తొలి అచ్చు తరువాత ఉన్నదంతా పోయి, అక్కడ ‘ట్ట’ వచ్చి చేరుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చెప్పాడు. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, బట్టబయలు అన్నీ ఇలా పుట్టినవే. ఎవరూ కాదనలేని పగలని చెప్పటానికి ఇంగ్లీషువాడు పగటిని పరిచి చూపాడు. మనం పగటిని రెండుసార్లు పలికాం. ఈ ముక్క చెప్పి ఉంటే తరగతి నవ్వేది కాదు, ఆ కుర్రవాడూ కూర్చుండిపోయేవాడు కాదు. ‘బ్రాడ్’కు నిఘంటువులో విశాలమని ఉంటే అదే నిజాయితీగా వ్రాశాడు. అడుగు సరిగానే వేశాడు, ఇంకొక్క అడుగు వేయించవలసినవాణ్ణి నేను.

అందుచేత, అమ్మా, మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. నోటుబుక్కూ నిఘంటువూ రెండూ పట్టుకొని, తరగతి అయిపోయాక మేష్టరుగారి దగ్గరకు వెళ్లి, “ఇది కూడా చెల్లుతుందాండీ?” అని వినయంగా అడగమనండి. అర మార్కు కోసం కాదు. అడగటం మానకుండా ఉండటం కోసం. నా తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎర్రసిరాతో ఒక మాట కొట్టేసేముందు నిఘంటువు ఒకసారి తిరగేద్దాం. మాట తప్పయినా సరే, వ్రాసిన పిల్లవాణ్ణి చూసి నవ్వవద్దు.

అన్నట్టు, బాబూ! గోదావరి మీద ఆ పది వాక్యాలూ నాకొకసారి పంపు. ‘బ్రాడ్’ను అలాగే ఉంచు.