గ్యారేజీలో లేత్ పెట్టండి, తుపాకీ మాట మరవండి

బెంగళూరు దగ్గర హొసకోటె చుట్టూ ఈమధ్య లేచిన ఇళ్లలో కింద ఒక గది ఖాళీగా పడి ఉంటోంది. పేరుకు గ్యారేజీ. కారు మాత్రం వీధిలోనే ఉంటుంది. లోపల పాత సోఫా, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, ఆన్‌లైన్‌లో తెప్పించిన సరుకుల అట్టపెట్టెలు. అందులో ఒక చిన్న లేత్ పెట్టుకోమని ఎవరికైనా సలహా ఇచ్చి చూడండి. "ఏం, వర్క్‌షాపు పెడుతున్నామా?" అంటారు ముందు. కాదు, సరదాకే అంటే కాస్త గొంతు తగ్గించి, "వాటి మీద తుపాకులు చేస్తారట కదండీ" అంటారు.

ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో ఇంటి లేత్ మీద తుపాకీ పని చాలామందికి ఆదివారం కాలక్షేపం. సొంత వాడకానికి తుపాకీ చేసుకుంటానంటే అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా అడ్డు చెప్పదు. దాని ఫలితం కూడా వాళ్లే అనుభవించారు. సీరియల్ నంబరు లేని తుపాకులు నేరాల్లో దొరకడం ఎక్కువయ్యాక, విడిభాగాల కిట్లకు నంబరు ఉండాలని, కొనేవాడి పూర్వాపరాలు చూడాలని 2022లో నిబంధన తెచ్చారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

మన చట్టం మొదటి నుంచీ ఆ తలుపు మూసే ఉంచింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయకూడదు, మార్చకూడదు, అమ్మకానికి పెట్టకూడదు. ఆయుధాలన్న మాటకు అందులో ఇచ్చిన నిర్వచనం చదివితే, విడిభాగాలతో పాటు ఆయుధాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అక్రమ తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. మన కర్ణాటకలోనే కొడగులో కొడవలకు, వంశపారంపర్య జమ్మా భూములున్నవాళ్లకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా గుర్తుచేయవచ్చు. అది దగ్గర ఉంచుకోవడానికి. ఇంట్లో చేసుకోవడానికి కాదు.

ఈ చట్టం సరైనదేనని నా అభిప్రాయం. సరదాను చంపేస్తోందన్న గోల నాకు ఎక్కదు. పొరపాటు జరిగితే అదే లేత్ మీద చేసిన చిన్న ఆవిరి ఇంజను చాలాసార్లు బుస్సుమని ఊరుకుంటుంది. తుపాకీ చేతివేళ్లు తీసుకుపోతుంది, లేదా పక్కింటి పిల్లాడి ప్రాణం. పైగా ఆ పని మీద మోజున్నవాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటే, వాళ్లకు దొరికే ఆనందంలో ముప్పాతిక భాగం తుపాకీది కాదు. ఒక ముక్క ఇంకో ముక్కలో కదలకుండా, బిగుసుకోకుండా సరిగ్గా కూర్చోవడంలో ఉన్న ఆనందం అది. దానికి గుండు, మందు అక్కర్లేదు.

ఉదాహరణకు, 20 మిల్లీమీటర్ల బేరింగులో కూర్చునే ఇరుసు ఒకటి చేయాలనుకోండి. మైల్డ్ స్టీల్ కడ్డీని చక్ అనే పట్టులో బిగించి తిప్పుతారు. టూలు ఉండే క్రాస్ స్లైడ్‌ను పదోవంతు మిల్లీమీటరు లోపలికి జరిపితే కడ్డీ వ్యాసం రెండు పదోవంతులు తగ్గుతుంది, అన్ని వైపులా కోస్తుంది కాబట్టి. కొత్తవాళ్లు సగం కడ్డీలు పారేసేది ఇక్కడే. ఎక్కువ తిప్పాక కాస్త వెనక్కి తిప్పి సరిపెట్టుకుందామంటే కుదరదు. స్క్రూలో ‘ప్లే’ ఉంటుంది, డయల్ వెనక్కి వచ్చినా టూలు రాదు. ఒక చుట్టు పూర్తిగా వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు రావాలి. కడ్డీ పొడుగైతే ఇంకో చిక్కు. చక్‌కు దూరంగా ఉన్న కొస టూలు తోపుకు అవతలికి వంగి, అక్కడ తక్కువ కోసుకుని లావుగా మిగిలిపోతుంది. ఆ కొసను టెయిల్‌స్టాక్‌తో ఆనిస్తే తప్ప దారికి రాదు. అన్నీ కుదిరాక చివరి కోత నూరోవంతుల్లో. చప్పుడు మారితే టూలు మొద్దుబారిందని చేయి తిరిగిన టర్నరుకు కొలవకుండానే తెలుస్తుంది. ఆ చెవి రావడానికి ఏళ్లు పడుతుంది.

చూడడానికి ఎంత బాగున్నా లేత్ ఆట వస్తువు కాదు. చక్‌ను బిగించే కీని చక్‌లోనే వదిలి స్విచ్ వేస్తే అది ఎగిరి మొహం మీదికి వస్తుంది. ఐటీఐలో మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. రెండోది, గ్లవుజులు వద్దు. తొడుక్కుంటే భద్రం అనిపిస్తుంది గానీ, తిరిగే కడ్డీ గ్లవుజును పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, లుంగీ కూడా అంతే.

ఇంగ్లండులో సరదా లేత్ పనికి ప్రత్యేకంగా ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక 1898లోనే మొదలైంది. గుమాస్తాలు, బడిపంతుళ్లు పెరటి షెడ్డులో బుల్లి రైలింజన్లు చేసుకునేవారు. వాళ్ల కోసమన్నట్టు బీస్టన్‌లో మైఫోర్డ్ కంపెనీ చిన్న లేతులు చేసింది. మనకు ఇలాంటి మనుషులు లేరా అంటే, ఉన్నారు. కోయంబత్తూరు జి.డి. నాయుడు మన తెలుగువాడే. 1893లో కలంగల్‌లో పుట్టాడు, చదువు పెద్దగా అబ్బలేదు. ఒక ఇంగ్లిషు అధికారి మోటారు సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్నే కొన్నాడు. కొన్నది ఊరేగడానికి కాదు, విప్పి మళ్లీ బిగించడానికి. తర్వాత బస్సులు నడిపాడు, 1937లో మోటార్లు చేశాడు, డ్రై సెల్‌తో నడిచే షేవింగ్ రేజరు చేశాడు. ఇప్పుడు మనం ఇంటర్వ్యూల్లో ‘ఇన్నోవేషన్’ అంటున్నది ఆయనకు స్క్రూడ్రైవర్‌తో మొదలైంది.

బెంగళూరుకు ఈ పని కొత్త కాదు. 1953లో హెచ్‌ఎంటీ వచ్చింది, స్విట్జర్లాండ్ ఓర్లికాన్ సహకారంతో జాలహళ్లిలో లేతులు చేసింది. మనకు గడియారాలే గుర్తున్నాయి గానీ దాని అసలు పని యంత్రాలు చేసే యంత్రాలు. పీణ్య పారిశ్రామికవాడలో గల్లీకో లేత్ ఉంది. హొసకోటెలోనే 1998 నుంచి వోల్వో లారీలు తయారవుతున్నాయి. మరి లేత్ మన ఇంట్లోకి రాకపోవడానికి కారణం డబ్బు కాదు. పాత లేత్‌కు ఒక బైకు ఖరీదు పెడితే చాలు, ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారుతో నడిచేవి దొరుకుతాయి. నేలలో మాత్రం బలం ఉండాలి, వందల కిలోల బరువు మరి. అసలు అడ్డు కులపు వాసన కొట్టే ఆ పాత భావనే: చేతికి నూనె అంటే పని చదువు రానివాళ్లదని. విజయదశమి ముందు రోజు ఆయుధపూజకు లాప్‌టాప్‌కు బొట్టు పెట్టే ఇంజనీరు స్పానర్ పట్టుకోవడానికి నామోషీ పడతాడు.

అందరూ లేత్ కొనుక్కోలేరు, నిజమే. ప్రభుత్వ ఐటీఐల్లో లేతులున్నాయి, ఆదివారం తాళం పడి ఉంటాయి. ఒక పూట తెరిచి, ఫీజు తీసుకుని, రిటైరైన టర్నరును ఒకరిని కూర్చోబెడితే సరి. వేలు తెగితే ఎవరు బాధ్యులని అధికారులు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఫీజులో ఇన్సూరెన్సు కలపాలి, మొదటి నెలంతా టర్నరు పక్కన నిలబడాలి. తుపాకులు చేస్తే? అని కూడా అడుగుతారు. తాళం వేసిన ఒంటరి గది కన్నా నలుగురి కళ్లముందు, రిజిస్టరులో పేరు రాసి, డ్రాయింగు చూపించి పనిచేసే చోటే దానికి వీలు తక్కువ. ఏం చేస్తున్నావని అడగనిదే ఏ మంచి టర్నరూ కడ్డీ చేతికివ్వడు.