అభిరుచుల సమ్మేళనమున వెబ్‌సైటు పాఠము

అల్లికలు, ముగ్గులు, తపాలాబిళ్ళల సేకరణ మున్నగు అభిరుచులు గలవారు సమ్మేళనములందు కూడునపుడు, వెబ్‌సైటు నిర్మాణమును గూర్చి యొక గంట పాఠముంచుట మేలు. ఇది వట్టి యాడంబరము కాదు. జియోసిటీస్ అను సంస్థ ఇంటర్‌నెట్టులో ఉచితముగా నిచ్చిన చోట లక్షలాది జనులు తమ పుటలను కూర్చుకొనిరి. అమెరికాలో 2009వ సంవత్సరమున నది మూతపడగా, నకలు దాచుకొనని యనేకుల శ్రమ నశించెను. కావున తమ పుటల నకలును తమయింట నుంచుకొనుటయే మొదటి పాఠము కావలెను.

అయితే, పాఠ మేర్పఱచుటకు ముందు ఆసక్తి నెఱుగవలయును. “మీకిష్టమేనా?” యని యడిగినచో మొగమాటమునకు అందఱును ఔననెదరు. “మీ పనులలో దేనిని చూపగోరెదరు? దాని ఛాయాచిత్రములు ఐదు తేగలరా? మీకు కంప్యూటరు కలదా, సెల్‌ఫోను మాత్రమేనా?” యని యడుగుడు. పదిమంది బదులిచ్చిన పాఠము నడపవచ్చును. ముగ్గురే యైనచో నొక బల్లచుట్టు కూర్చుండి నేర్చుకొనుట చాలును. మన చేతిపని దాచిన పెట్టెకు తాళపుచెవి మనయొద్దనే యుండవలెను గదా!