అత్త మీద కోపం కార్బురేటర్ మీద

పాత అంబాసిడర్ బోనెట్ ఎత్తగానే గుప్పున పెట్రోల్ వాసన. సెల్ఫ్ కొడితే ఇంజిన్ దగ్గి ఊరుకుంటుంది, సైలెన్సర్ నల్లగా పొగ కక్కుతుంది, ప్లగ్గులు విప్పితే తడిసి మసిబారి ఉంటాయి. షెడ్డులో తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది: "కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అవుతోంది సార్, మార్చేద్దాం." ఓనరు గారి తీర్పు ఇంకోటి: "అంతా ఈ ఇథనాల్ పెట్రోల్ వల్లే." తీర్పులు రెండున్నాయి కానీ విచారణ మాత్రం ఒక్కటీ జరగలేదు.

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. ఇలాంటి బండ్లకు కంపెనీ బిగించిన కార్బురేటర్‌ను పాత ఇనుప సామాను కింద వదిలేసి, ఊరూపేరూ లేని నకలును తగిలించడం తెలివైన బేరం కాదు. చాలాసార్లు తప్పు లోపలి చిన్న ముక్కది, లేదంటే కార్బురేటర్‌కు బయట ఉన్నదానిది.

మేడ మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వు చేసే పనినే కార్బురేటర్‌లో ఫ్లోట్ చేస్తుంది. పెట్రోల్ మట్టం పెరిగితే ఫ్లోట్ పైకి తేలి, నీడిల్‌ను దాని సీటులోకి నొక్కి దారి మూస్తుంది. నీడిల్ కొన అరిగినా, సీటులో ఇసుక రేణువంత చెత్త ఇరుక్కున్నా, ఫ్లోట్‌కు చిల్లు పడి మునిగినా ఆ దారి మూసుకోదు. పెట్రోల్ పొంగుతుంది.

వీటిని పరీక్షించడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఎస్‌యూ కార్బురేటర్ అయితే ఫ్లోట్ ఛాంబర్ మూత విప్పి తిరగేసి పట్టుకోవాలి. పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన ట్యూబు తగిలించి నోటితో మెల్లగా ఊదాలి. గాలి దూరిందంటే దొంగ నీడిలే. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే మొన చుట్టూ సన్నటి గీత కనిపిస్తుంది, గోటికీ తగులుతుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల దూరిన పెట్రోల్ చప్పుడు వినిపిస్తుంది. దాన్ని బాగా తుడిచి, ఆరుబయట వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలు లేస్తాయి. ఎస్‌యూలోనే నైలాన్ ఫ్లోట్ ఉండే హెచ్‌ఎస్ రకంలో మూత తిరగేసినప్పుడు ఫ్లోట్‌కూ మూతకూ మధ్య సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. డ్రిల్ బిట్టు ఒకటి దూర్చి చూస్తే తేలిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో ఛాంబర్‌ను తట్టగానే కారడం ఆగిందా? చెత్త ఇరుక్కుందని అర్థం. అది గుర్తుపట్టే కిటుకే గానీ రిపేరు కాదు.

ఇవన్నీ బాగుంటే పంపు వైపు చూడాలి. ఎస్‌యూ నీడిల్ దాదాపు 3 పీఎస్‌ఐ ఒత్తిడి వరకే నిలువరించగలదు. పాత మెకానికల్ పంపు పాడైందని ఇంజెక్షన్ కార్ల ఎలక్ట్రిక్ పంపు బిగిస్తే అది 40 పీఎస్‌ఐకి పైగా తోస్తుంది. అప్పుడు ఎన్ని కార్బురేటర్లు మార్చినా పొంగుతూనే ఉంటాయి. చోక్ లాగితే ఎస్‌యూలో పెట్రోల్ వచ్చే జెట్ కిందికి దిగి మిశ్రమం చిక్కబడుతుంది. కేబుల్ బిగుసుకుని అది తిరిగి పైకి రాకపోయినా నల్ల పొగ తప్పదు. ఛాంబర్ నుంచి చుక్క కారకుండా పొగ మాత్రమే వస్తుంటే ముందు అనుమానించాల్సింది చోక్‌నే.

రేపు చూద్దాంలే అనుకోవడానికి మాత్రం వీల్లేదు. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. పొంగిన పెట్రోల్ కాలిపోతున్న ఇనుము మీద పడితే క్షణాల్లో మంట లేస్తుంది. బ్యాటరీ వైరు తీశాకే మూత మీద చెయ్యి వేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడటమూ మరిచిపోకూడదు. ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటే ఆయిల్ మార్చకుండా ఇంజిన్ తిప్పితే బేరింగులు దెబ్బతింటాయి.

ఇక ఇథనాల్ సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకాన్ని కేంద్రం 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే పాత జెట్‌లోంచి కొత్త పెట్రోల్ పోతే మిశ్రమం పలచబడుతుంది, చిక్కబడదు. నల్ల పొగకు నేరుగా దాన్ని తిట్టడంలో న్యాయం లేదు. అలాగని అది నిర్దోషీ కాదు. పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. ఆ మడ్డే వచ్చి నీడిల్ సీటులో కూర్చుంటుంది. ట్యాంకు కడగకుండా, రబ్బరు గొట్టాలు, ఫిల్టరు మార్చకుండా కొత్త కార్బురేటర్ బిగిస్తే అదే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

పాత బండ్ల కోసం తక్కువ ఇథనాల్ పెట్రోల్‌ను బంకుల్లో విడిగా అందుబాటులో ఉంచమనడం సబబైన కోరికే. అది నెరవేరినా షెడ్డులో చేయాల్సిన పని తగ్గదు. పాత నీడిల్‌ను కళ్లారా చూపించి, ఫ్లోట్ సందు కొలిచి, పంపు ఒత్తిడి ఎంతో గేజి పెట్టి చెప్పిన తర్వాతే మెకానిక్ కొత్త కార్బురేటర్ ధర ఎత్తాలి. ఆ మూడూ చూపించమని అడిగే హక్కు డబ్బు కట్టే ఓనరుకు ఉంది.