మందు చీటీలో లేని జబ్బు

నిద్ర పట్టడం లేదని, ఆకలి లేదని కౌలు రైతు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే డాక్టరు మాత్రలు రాస్తారు. అతని నిద్ర చెడగొట్టిన కౌలు బాకీకి, వడ్డీ వ్యాపారి అప్పుకు ఆ చీటీలో చోటు లేదు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఈ లోటును కొంత పూడ్చుతోంది. డాక్టరు పంపిన మనిషితో ఒక కార్యకర్త తీరిగ్గా మాట్లాడి అప్పులు, ఇల్లు, ఒంటరితనం వంటి బాధలకు స్థానికంగా దొరికే సాయంతో కలుపుతారు. 2019 నుంచి ఇలాంటి కార్యకర్తలను దేశమంతటా నియమిస్తున్నారు.

మనకూ ఇది కొత్త కాదు. తెలంగాణలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ రైతు గోడు విని, సమస్యను అధికారుల దాకా తీసుకెళ్లింది. మానసిక వేదనకు టెలి మానస్ 14416 ఉంది. ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు.

అయితే పంపిన చోట సాయం లేకపోతే పంపి ఏం లాభం? 2018లో వచ్చిన రైతుబీమా పట్టాదారులకే పరిమితమైంది. 2011 నాటి కౌలుదారుల చట్టం ప్రకారం గుర్తింపు కార్డులు ఇవ్వకపోతే బ్యాంకు గడప తొక్కినా అప్పు పుట్టదు. ఓదార్పు మాటలు హక్కులకు బదులు కావు.

అందుకే ప్రతి ఆరోగ్య కేంద్రంలో జీతమిచ్చి ఒక రైతు సహాయకుణ్ణి నియమించాలని, ఆ భారాన్ని ఆశాలపై మోపవద్దని, కౌలు రైతులకు కార్డులు, బీమా ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాం. ప్రభుత్వం కదిలేదాకా ఆగకుండా మన గ్రామ కమిటీలు ఆరోగ్య కేంద్రాలతో సంబంధం పెట్టుకోవాలి. కుంగిపోయిన రైతు ఇంటికి ముందుగా చేరాల్సింది మనమే.