ఆ గంటలోనే బీపీ దించాలి

తెల్లవారుజామున పాలప్యాకెట్ అందుకోబోతే చెయ్యి లేవదు. మాట ముద్దగా వస్తుంది, మూతి ఓ పక్కకి పోతుంది. ఇంట్లోవాళ్లు కారెక్కించి దగ్గర్లోని ఆస్పత్రికి పరుగెడతారు. సీటీ తీస్తే మెదడులో నరం చిట్లి రక్తం చేరినట్టు తేలుతుంది. మానిటర్ మీద పై బీపీ 220. ‘ఇక్కడ న్యూరో లేరు, పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి’ అంటూ డ్యూటీ డాక్టర్ కాగితం రాసిస్తారు. ఆ 220తోనే అంబులెన్స్ కదులుతుంది. సికింద్రాబాద్ శివారు యాప్రాల్ నుంచి తిరుమలగిరి, కార్ఖానా, జేబీఎస్ దాటి గాంధీ ఆస్పత్రి చేరేలోపు లోపల రక్తం ఊరుతూనే ఉండొచ్చు. శివారు కాలనీలన్నింటికీ ఉన్న ముప్పే ఇది. ఇలా చేతులు దులుపుకోవడం ఇక కుదరదు.

చిట్లిన నరం వెంటనే మూసుకుపోతుందన్న భరోసా లేదు. దాదాపు మూడోవంతు మందిలో తొలి గంటల్లోనే రక్తపు గడ్డ పెద్దదవుతుంది. మనిషి మళ్లీ నడుస్తాడా, మంచాన పడతాడా అన్నది చాలావరకు అప్పుడే తేలిపోతుంది. 2023లో లాన్సెట్ ప్రచురించిన ఇంటరాక్ట్-3 అధ్యయనంలో భారత్ సహా పది దేశాలకు చెందిన 7,036 మంది రోగులున్నారు. పై బీపీని గంటలోగా 140 కిందికి తేవడం, షుగర్‌నీ జ్వరాన్నీ అదుపు చేయడం, రక్తం పలచబరిచే మందు వాడేవారికి దాని ప్రభావాన్ని విరిచేయడం... ఇవన్నీ కలిపి చేసినచోట ఆరు నెలల నాటికి మరణాలూ తగ్గాయి, వైకల్యమూ తగ్గింది. ఇందుకు కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. బీపీ తగ్గించే లాబెటలాల్ ఇంజెక్షన్ అరుదైన సరుకేమీ కాదు.

దించడమంటే ఇష్టమొచ్చినంత దించేయడం కాదు. మరీ కిందికి తొక్కితే అదనపు మేలు లేకపోగా మూత్రపిండాలకు ఇబ్బందని 2016లో అటాక్-2 అధ్యయనం హెచ్చరించింది. 130కి దిగువకు పోకుండా, 140 దగ్గర నిలకడగా ఉంచాలి. ఇంట్లో నాలుక కింద బీపీ మాత్ర పెట్టడం అసలే వద్దు. చైనాలో పక్షవాతం లక్షణాలున్నవారికి అంబులెన్సులోనే బీపీ తగ్గించి చూసిన ఇంటరాక్ట్-4 ఫలితాలు 2024లో వచ్చాయి. రక్తస్రావమైనవారికి అది మేలు చేసింది, నరం పూడుకుపోయినవారికి కీడు చేసింది. ఏది ఏదో సీటీ తీస్తేగాని తెలియదు.

యాప్రాల్‌కు దూరం విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. కంటోన్మెంట్ రోడ్ల మూసివేతపై ఈ చుట్టుపక్కల కాలనీలు ఏళ్ల తరబడి గొంతెత్తాయి. 2005లో మొదలైన 108 సేవల ప్రధాన కేంద్రం కొద్ది దూరంలో దేవరయాంజాల్‌లో ఉంది. అంబులెన్స్ వస్తుంది సరే, అది ఎక్కేముందు క్యాజువాలిటీలో జరగాల్సింది జరగకపోతే ఏం లాభం?

రిఫర్ చేయొద్దని మేం అనడం లేదు. సీటీలో రక్తస్రావం కనిపించగానే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, దాన్ని దారిలోనూ కొనసాగించాలి. అందుకోసం ప్రయాణాన్ని ఆపనూ కూడదు. సీటీ తీసిన సమయం, మందు మొదలుపెట్టిన సమయం, బయల్దేరేటప్పటి బీపీ రిఫరల్ కాగితం మీద తప్పనిసరిగా రాయాలని తెలంగాణ ఆరోగ్యశాఖ ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నింటికీ ఉత్తర్వు ఇవ్వాలి. అది వచ్చేదాకా ఆ ప్రశ్న మనమే అడగాలి. మీ ఇంటి మనిషి సీటీలో రక్తస్రావం కనబడితే, కాగితం చేతికి తీసుకునే ముందు డాక్టరుగారిని అడగండి: ‘బీపీ తగ్గే మందు మొదలుపెట్టారా అండీ?’