నెమలి తోక ముడుచుకుందెందుకు?

తెర మీద పాట వస్తుంటే మీరు కథానాయిక కళ్ళు చూస్తారు. నేనూ అంతే! కానీ ఆమె జాకెట్టు మీద నెమలిని కుట్టిన కుర్రాడు మాత్రం ఊపిరి బిగబట్టి నెమలి తోకే చూస్తాడు. తోక చుట్టూ గుడ్డ ముడుచుకుందా... క్లోజప్పులో ఆ ముడత అరచెయ్యంత అవుతుంది. మర్నాడు అతనికి పడే అక్షింతల సంగతి చెప్పక్కర్లేదు.

"ఫలానా పాటలో జాకెట్టు లాంటిదే మేమూ వేయించుకున్నాం. మాది ముడతలు పడింది, దారాలు లేచాయి. ఎందుకంటారు?" అని పాఠకురాళ్ళు కొందరు అడుగుతున్నారు. దుకాణం వాళ్ళ జవాబు నాకు తెలుసు: "గుడ్డ అలాంటిదమ్మా!" నమ్మకండి. (ఒక్కోసారి నిజమే అనుకోండి.)

హైదరాబాదు కృష్ణానగర్‌లో సినిమా దుస్తులకి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే ఓ గదిలో ఒక పూటంతా కూర్చున్నాను. ఉన్నట్టుండి మిషను గుర్రుమని ఆగింది. కుర్రాడి చెయ్యి సరాసరి టెన్షన్ స్క్రూ మీదికే పోయింది.

"ఒరే, దాన్ని ముట్టుకోకు. ముందు ఫ్రేమ్ తిరగెయ్" అన్నారు మాస్టారు.

తిరగేస్తే ఏముంది, గుడ్డ కింద దారాలు పిచ్చుక గూడులా చుట్టుకుని వున్నాయి. కింద గూడు కట్టింది కాబట్టి తప్పు కిందిదారానిదే అనుకుంటాం కదూ? సాధారణంగా దోషి పైదారం! టెన్షన్ డిస్కుల మధ్య సరిగా కూర్చోలేదన్నమాట. ఇంట్లో వాడే మిషనైతే పాదం ఎత్తి దారం ఎక్కించాలి. పాదం దించి వుంటే డిస్కులు మూసుకుపోయి దారం లోపలికి దిగదు.

మాస్టారు దారం మొత్తం లాగేసి మొదటినుంచీ ఎక్కించారు. సూది మార్చారు. బాబిన్ కేసులో నూగు బ్రష్షుతో దులిపారు. స్క్రూ జోలికే పోలేదు. కుట్టు చక్కబడింది, కుర్రాడి మొహం వెలిగింది. వెలగదూ మరి? గుడ్డ పాడైతే ఖరీదు అతని కూలిలోంచే కోస్తారట! ఇదేం న్యాయమండీ? సూది ఖరీదెంత, పట్టుగుడ్డ ఖరీదెంత? మొద్దుబారిన సూది మార్చడానికి కొత్తది కొనిపెట్టాల్సింది యజమాని కాదూ?

అన్నట్టు, ఈ రెండు దారాల తగవు ఇవాళ్టిది కాదు. స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లీ 1863లో తయారుచేసిన ఎంబ్రాయిడరీ మిషనులో కిందిదారం మోసే నాడె చిన్న పడవలా వుండేది. అందుకే దానికి 'షిఫ్లీ' అని పేరు, అంటే చిట్టి పడవ అని.

వెడల్పాటి కుట్టుని వెనక నుంచి చూడండి. మూడు వంతులు చేస్తే నడిమి వంతులో తెల్లని బాబిన్ దారం, అటూ ఇటూ రంగుదారం కనిపించాలి. తెలుపు ముందువైపుకి తొంగిచూస్తోందంటే పైదారం మరీ బిగిసింది, లేదా బాబిన్ వదులైంది. వెనక తెలుపే లేదంటే దానికి తిరకాసు.

ఇక ముడతలు. గుడ్డని సాగదీసి ఫ్రేములో బిగిస్తే కుట్టేటప్పుడు బ్రహ్మాండంగా వుంటుంది. ఫ్రేము విప్పగానే గుడ్డ తన పాత కొలతకి పోతుంది, కుట్టు పోదు. అదీ నెమలి తోక కథ! గుడ్డని సాగనివ్వకుండా, వదులు లేకుండా బిగించాలి, కింద క్యాన్వాస్ కూడా ఫ్రేములోకి రావాలి. పల్చటి గుడ్డ మీద కుట్లు మరీ కిక్కిరిసినా ముడతే.

జరీ దారం మాటిమాటికీ తెగుతోందా? పెద్ద కన్నం సూది, 90/14 నంబరు లాంటిది, పెట్టించండి. మిషను వేగం తగ్గించి, పైదారం కాస్త వదులు చెయ్యమనండి. వేగంగా లాగేస్తే జరీ పొర వూడిపోతుంది.

ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు అదే రకం గుడ్డపీలిక ఒకటి ఇచ్చి, "ముందు దీనిమీద ఓ పువ్వు వేసి చూపించండి" అని అడగండి. పువ్వు బాగుందని మురిసిపోకుండా తిరగేసి చూడండి. మొహమాటపడ్డారో, నెమలి అడిగితే గిన్నికోడి వస్తుంది!

వచ్చేవారం మగ్గం పని ముచ్చట్లు.